నిండిన చెరువు, ఎండిన చివరి మడి: ఒక బి.ఏ. బృందం కేస్ స్టడీ

2021 నవంబరులో కడప జిల్లా చెరువులు నిండటమే కాదు, పొంగాయి. చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి కింది ఊళ్లను ముంచేసిన నెల అది. మా కాలేజీకి కొద్ది దూరంలో ఉన్న ఒక ఊరి చెరువు కూడా చాలా ఏళ్ల తర్వాత మరవ పారింది, అంటే నిండి అలుగు మీదుగా పొర్లింది. ఊరంతా కట్ట మీదికి వెళ్లి టెంకాయలు కొట్టి వచ్చారు. ఆ తర్వాత కొన్ని నెలలకే అదే చెరువు కింద చివరి మడుల్లో వరి పొట్ట దశలో ఎండిపోయింది. అప్పటికి చెరువులో నీళ్లు ఉన్నాయి.

నీళ్లుండగా చివరి మడి ఎందుకు ఎండింది? 2022 వేసవిలో మా బి.ఏ. మొదటి సంవత్సరం పిల్లల బృందం ఒకటి ఈ ప్రశ్న పట్టుకుని ఆ ఊరికి వెళ్లింది. ఆ పని ఎలా సాగింది, అందులో వాళ్లకు ఏం అబ్బింది, ఏం అబ్బలేదు అన్నదే ఇక్కడ రాస్తున్నాను. నేను ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో చరిత్ర చెబుతాను. ఊరి పేరు, పిల్లల పేర్లు కావాలనే వదిలేశాను.

లిబరల్ ఆర్ట్స్, అంటే చరిత్ర, సాహిత్యం, సామాజిక శాస్త్రాలు కలిపి చదివే చదువు వల్ల విమర్శనాత్మక ఆలోచన, భావ వ్యక్తీకరణ, సమస్యా పరిష్కారం వస్తాయని ప్రతి సెమినార్‌లోనూ వింటాం. కాలేజీలకు గ్రేడు ఇచ్చే న్యాక్ సంస్థ కోసం పెట్టే ఫైళ్లలో మేమూ రాస్తాం. సరే, అవి ఒక పద్దెనిమిదేళ్ల పిల్ల చేతిలో ఏ రూపంలో కనిపిస్తాయో చూపించండి అంటే మాత్రం అందరం ఫైలు వెతుక్కుంటాం. నాకు తెలిసిన రూపం ఒకటి ఉంది. అది ఈ చెరువు దగ్గర కాస్త స్పష్టంగా కనిపించింది.

ఈ మధ్య లిబరల్ ఆర్ట్స్ అనగానే లక్షల ఫీజుల ప్రైవేటు యూనివర్సిటీలు గుర్తొస్తున్నాయి. మన రాష్ట్రంలోనే శ్రీసిటీలో 2018లో క్రియా యూనివర్సిటీ మొదలైంది. 2020 జాతీయ విద్యా విధానం అయితే బాణభట్టుడి కాదంబరిలో చెప్పిన అరవై నాలుగు కళల దాకా వెళ్లి, బహుముఖమైన చదువు మనకు కొత్త కాదంది. బాగానే ఉంది. కానీ చరిత్ర, అర్థశాస్త్రం, రాజనీతిశాస్త్రం, వాటితోపాటు తెలుగు, ఇంగ్లిష్ ఒకే విద్యార్థికి చెప్పే హెచ్‌ఈపీ గ్రూపు 2023 దాకా ప్రభుత్వ కాలేజీల్లో ఎన్నో ఏళ్లుగా ఉండేది. అందులో చేరేది ఎక్కువగా ఇంట్లో మొదటిసారి డిగ్రీ గడప తొక్కిన పిల్లలు. ఫీజు తక్కువని, లేదా ఇంటర్‌లో మార్కులు తక్కువని వచ్చేవారు. సబ్జెక్టులకు లోటు ఉండేది కాదు. పొద్దున తొమ్మిదిన్నరకు చరిత్ర, పదిన్నరకు అర్థశాస్త్రం, పదకొండున్నరకు పాలిటీ. ఏ గంటలో విన్నది ఆ గంటతోనే పోయేది. అన్నింటినీ ఒకే ప్రశ్న ముందు కూర్చోబెట్టే సందర్భం టైంటేబుల్‌లో ఉండేది కాదు.

ఆ సందర్భం మాకు కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు రూపంలో దొరికింది. ఆంధ్రప్రదేశ్‌లో 2020-21లో తెచ్చిన డిగ్రీ సిలబస్ ప్రకారం మొదటి ఏడాది అయ్యాక ఈ 180 గంటల ప్రాజెక్టు తప్పనిసరి అయింది. ఇది చాలా చోట్ల ఎలా ముగుస్తుందో డిగ్రీ కాలేజీల్లో పనిచేసే వాళ్లందరికీ తెలుసు. ఓ ప్రశ్నావళి, నాలుగు రంగుల గ్రాఫులు, స్పైరల్ బైండింగ్. జిరాక్స్ షాపులో పోయిన ఏడాది రిపోర్టు దొరుకుతుంది, ఊరి పేరు మార్చుకుంటే సరిపోతుంది. చివరి పేజీలో "ప్రజల్లో అవగాహన పెంచాలి" అని ఉంటుంది. మా బృందానికి ఒకటే షరతు పెట్టాను. ఆ చివరి వాక్యం రాయకూడదు.

అడంగల్ పేజీతో మొదలు

ముందు ఊరికి పంపలేదు. ఆ ఊరి అడంగల్, అంటే ఏ పొలంలో ఎవరు ఏ పైరు వేశారో రాసే రెవెన్యూ రికార్డు, అందులో ఒక పేజీ జిరాక్స్ తీయించి తలా ఒక కాపీ ఇచ్చాను. సర్వే నంబరు, విస్తీర్ణం, పట్టాదారు, అనుభవదారు (పొలం నిజంగా చేతిలో ఉన్నవాడు), నీటి ఆధారం, పైరు, ఇలా గడులు. "దీన్ని బట్టి మీకేం తెలిసింది, ఏం తెలియలేదు, రెండూ రాయండి" అన్నాను.

తెలిసింది అందరూ రాశారు. తెలియనిది దాదాపు ఎవరూ రాయలేదు. ఒకరిద్దరు "అన్నీ తెలిశాయి మేడమ్" అని రాసిచ్చారు. ఒక అమ్మాయి కాగితం ఇప్పటికీ నా దగ్గర ఉంది. ఫలానా నంబరులో రైతు చెరువు నీళ్లతో వరి పండించాడు, అని ఒక్క వాక్యం. ప్రభుత్వ కాగితంలో ఉంది కాబట్టి అది నిజం. వాళ్ల తప్పేమీ లేదు. పన్నెండేళ్లపాటు ముద్రించిన దానిని ముద్రించినట్టే రాస్తే మార్కులు వచ్చాయి.

తర్వాత చెరువు ఆయకట్టు, అంటే దాని కింద నీళ్లు పారే పొలం, ఎంతో కనుక్కుని రమ్మన్నాను. ఇది చాలా చిన్న పని అనుకున్నారు. నాలుగు చోట్ల నాలుగు అంకెలు దొరికాయి. బ్రిటిష్ కాలం నాటి రీసెటిల్‌మెంట్ రిజిస్టర్‌లో, అంటే రెవెన్యూ వాళ్లు ఆరెస్సార్ అనే దాంట్లో, ఈ చెరువు కింద తరిగా, అంటే నీళ్లు పారే మాగాణిగా రాసిన నంబర్లన్నీ కూడితే ఒక లెక్క. నీటిపారుదల శాఖ రిజిస్టర్‌లో ఇంకో లెక్క. తూము దగ్గర సిమెంటు పలక మీద వేరే లెక్క. రచ్చబండ మీద కూర్చున్న పెద్దవాళ్లు చెప్పింది ఇంకొకటి, అది రిజిస్టర్ లెక్కలో సగం కూడా లేదు. ఒక అబ్బాయి నాలుగూ కూడి, నాలుగుతో భాగించి, సగటు తీసుకొచ్చి బల్ల మీద పెట్టాడు.

నేను నవ్వలేదు. ఆ బృందం చదువు నిజానికి అక్కడే మొదలైంది. నాలుగు అంకెల్లో ఏది కరెక్టు అని వాళ్లు అడుగుతున్నారు. ఒక్కో అంకెను ఎవరు, ఏ అవసరానికి లెక్కపెట్టారు అని నేను అడిగాను. ఆరెస్సార్ శిస్తు కోసం రాసింది. ఏ నంబరుకు తరి రేటు వేయాలి అన్నదే దాని పని. నిరుడు ఆ నంబరుకు నీళ్లు అందాయా లేదా అన్నది దానికి పట్టదు. శాఖ రిజిస్టర్ మరమ్మతుల అంచనాలకు ఆధారం. సిమెంటు పలక, ఎప్పుడో పని జరిగిన రోజున పని అయినట్టు చూపడానికి పెట్టింది. పెద్దవాళ్ల లెక్క, వాళ్ల కంటి ముందు నీళ్లు పారిన నేల. అంటే నాలుగూ అబద్ధాలు కావు. నాలుగూ వేర్వేరు ప్రశ్నలకు జవాబులు. వాటిని కలిపి సగటు తీస్తే వచ్చే అంకె ఏ ప్రశ్నకూ జవాబు కాదు.

చరిత్ర క్లాసులో ఆధారాల విమర్శ అని ఒక పాఠం ఉంటుంది. శాసనం, కైఫియత్తు (ఊరి చరిత్ర రాసిన పాత రికార్డు), యాత్రికుడి రాత, వీటిని ఎలా చదవాలో చెబుతాం. పిల్లలు దాన్ని రెండు మార్కుల ప్రశ్నగా బట్టీపట్టి వచ్చారు. సిమెంటు పలకకు కూడా అది వర్తిస్తుందని వాళ్లకు ఎవరూ చెప్పలేదు.

పోరుమామిళ్ల శాసనం

మా జిల్లాలోనే పోరుమామిళ్లలో 1369 నాటి సంస్కృత శాసనం ఒకటి ఉంది. మొదటి బుక్కరాయల కొడుకు భాస్కరుడు అనంతరాజ సాగరం అనే చెరువు తవ్వించి వేయించింది. వెయ్యి మంది కూలీలు, రాయి తోలడానికి వంద బండ్లు, రెండేళ్ల పని అని అందులో ఉంది. మంచి చెరువుకు ఉండాల్సిన పన్నెండు అంగాలు, ఉండకూడని ఆరు దోషాలు కూడా ఉన్నాయి. కట్ట నుంచి నీరు ఊరడం, చవుడు నేల, రెండు రాజ్యాల సరిహద్దులో ఉండటం, చెరువు మధ్యలో మిట్ట, నీళ్లు తక్కువై పొలం ఎక్కువ కావడం, నీళ్లు ఎక్కువై నేల తక్కువ కావడం.

దీన్ని క్లాసులో విజయనగర కాలపు నీటిపారుదల కింద ఒక పేరాలో చెప్పేస్తాం. ఈసారి దోషాల జాబితా బోర్డు మీద రాసి, మన చెరువుకు ఇందులో ఏవి ఉన్నాయో చూడండి అన్నాను. "నీళ్లు తక్కువ, పొలం ఎక్కువ" దగ్గర అందరూ ఆగారు. ఆరెస్సార్ అంకెకు, పెద్దవాళ్ల అంకెకు మధ్య ఉన్న తేడా అదే కదా అని ఒకడు అన్నాడు. నాకు ఆశ్చర్యం కలిగించింది మాత్రం వేరే మాట. ఇంతదాకా నోరు విప్పని ఒక అబ్బాయి లేచి, "మేడమ్, మన చెరువు రెండు పంచాయతీల మధ్య ఉంది. కట్ట వీళ్లది, కింద సగం పొలం వాళ్లది. ఇది మూడో దోషం కాదా?" అన్నాడు. చెరువు దోషాల్లో మట్టికి, రాతికి సంబంధించినవే కాక రాజకీయమైనది కూడా ఒకటి ఉందని, ఆరున్నర శతాబ్దాల కింద ఎవరో గుర్తించి రాతి మీద చెక్కించారని అప్పుడు గదిలో అందరికీ తెలిసింది. పాలిటీ మేష్టారిని పిలవాల్సిన సమయం కూడా అదే.

ఆయన వచ్చి రాజ్యాంగం పదకొండో షెడ్యూల్ తీయించారు. పంచాయతీలకు అప్పగించదగిన 29 అంశాల్లో మూడోది చిన్న నీటిపారుదల, నీటి యాజమాన్యం. అయిదోది చేపల పెంపకం. ఇంకోపక్క 1997 నాటి నీటిపారుదల వ్యవస్థల రైతు యాజమాన్య చట్టం ప్రకారం సాగునీటి పంపకం నీటి వినియోగదారుల సంఘానిది. మరి తూము తాళం ఎవరి చేతిలో ఉండాలి? చట్టంలో ఒకరి చేతిలో ఉంది. ఊళ్లో ఎవరి చేతిలో ఉందో వెళ్లి చూడమన్నారు.

నీరుగంటితో నడక

ఊళ్లో ప్రశ్నావళి పట్టుకుని ఇల్లిల్లూ తిరిగితే వచ్చిన సమాచారం ఏమీ లేదు. "నీటి సమస్య ఉందా? ఉంది/లేదు." ఉంది. అంతే. అర్థశాస్త్రం మేడమ్ ఆ ప్రశ్నావళిని చూసి, దీనికి జవాబు కోసం ఊరికి పోవాల్సిన పనేముంది అని అడిగింది.

అప్పుడు పాత నీరుగంటిని, అంటే ఒకప్పుడు మడులకు నీళ్లు పంచిన మనిషిని పట్టుకున్నారు. వయసు మీద పడింది, పని మానేసి ఏళ్లయింది. ఒకప్పుడు కోతల వేళ మడికింత అని గింజలు కొలిచిచ్చేవాళ్లట. పిల్లలు ఆయన ముందు కూడా కాగితం తీశారు. "పేపర్లో ఏముంటే నాకేంది నాయనా, నీళ్లు యాడిదాకా పోతాయో నా కాళ్లకు తెలుసు, రాండి" అని ఆయన తూము దగ్గర నుంచి కాలువ వెంట నడిపించాడు. కంపచెట్లు అడ్డం వచ్చిన చోట, కాలువను చదును చేసి మడిలో కలుపుకున్న చోట, పైపు వేసి నీళ్లు పక్కకు మళ్లించిన చోట, అన్ని చోట్లా ఆగి చెప్పాడు. ఒక అమ్మాయి గ్రామ పటం మీద ఆ చోట్లన్నీ గుర్తు పెట్టింది. బృందం మొత్తం తయారు చేసిన వాటిలో ఆఖరుకు అందరికీ పనికొచ్చింది ఆ పటమే. రిపోర్టు ఎవరూ పూర్తిగా చదవలేదు, నేనూ కొన్ని పేజీలు దాటేశాను.

నడిచాక కథ మెల్లగా విడింది. చెరువులో నీళ్లు తగ్గేకొద్దీ లోపలి వైపు బయటపడే నేలలో కొందరు శనగ, దోస వేస్తారు. వాళ్లకు నీళ్లు తొందరగా దిగాలి. డిసెంబరులో మడులకు పెద్దగా అవసరం లేనప్పుడే తూము ఎత్తేశారు. తూముకు దగ్గరి పొలాల వాళ్లకు బోర్లు ఉన్నాయి. చెరువులో నీళ్లు నిలబడి ఉంటే వాళ్ల బోర్లు పోస్తాయి. కాలువ బాగుపడితే వాళ్లకు కొత్తగా ఒరిగేది లేదు. చేపల పాట, అంటే చెరువులో చేపలు పట్టుకునే హక్కు వేలం, పాడుకున్న వాళ్లకు ఎండాకాలం దాకా మడుగులో నీళ్లు ఉండాలి, కాబట్టి సరిగ్గా వరికి తడి కావాల్సినప్పుడు తూము మూసుకుంది. చివరి మడుల వాళ్లలో ఎక్కువమందికి బోరు లేదు. కొందరికి పొలమే లేదు, కౌలు. మొత్తం మీద అక్కర్లేనప్పుడు నీళ్లు వదిలారు, కావాల్సినప్పుడు కట్టేశారు. ఇందులో అవగాహన లేనివాడు ఒక్కడూ లేడు. ఎవరికి ఏం కావాలో వాళ్లకు బాగా తెలుసు.

ఇక్కడ అర్థశాస్త్రం పాఠం తగిలింది. ఉమ్మడి ఆస్తిని ఎవరికి వాళ్లు వాడుకుని పాడుచేస్తారన్న గారెట్ హార్డిన్ 1968 నాటి వాదం పిల్లలకు వెంటనే నచ్చింది. మనుషుల స్వార్థం అని ఒక్క మాటలో తేల్చేయొచ్చు కదా. దానికి ఎదురు ఎలినార్ ఆస్ట్రమ్‌ను చెప్పింది మా అర్థశాస్త్రం మేడమ్. ఉమ్మడి వనరులను ఊళ్లే నియమాలు పెట్టుకుని తరాల తరబడి నడిపిన చోట్లను ఆస్ట్రమ్ పరిశీలించింది. 2009లో అర్థశాస్త్రంలో నోబెల్ అందుకున్న మొదటి మహిళ. వాడుకునే వాళ్లెవరో హద్దు తెలియాలి, నియమాలు పెట్టడంలో వాళ్ల మాట ఉండాలి, కాపలా కాసేవాడు వాడుకునే వాళ్లకు జవాబుదారీగా ఉండాలి. పిల్లలు ఈ మూడింటినీ తమ చెరువుకు పెట్టి చూసుకున్నారు. మూడోది అక్కడ ఒకప్పుడు ఉండేది. ఆ నీరుగంటితోనే వాళ్లు కాలువ వెంట నడిచి వచ్చారు.

బసిరెడ్డి చిన్న కోడలు

తెలుగు క్లాసు నుంచి ఏమైనా వస్తుందని నేను పెద్దగా ఎదురుచూడలేదు. కట్టమంచి రామలింగారెడ్డి 1899లో రాసిన ముసలమ్మ మరణం అనే కావ్యం గురించి తెలుగు సార్ ఒక గంట మాట్లాడారు. అనంతపురం దగ్గర బుక్కరాయసముద్రం చెరువు కట్ట తెగబోతుంటే బసిరెడ్డి చిన్న కోడలు ముసలమ్మ ప్రాణం ఇచ్చి నిలబెట్టిన కథ. త్యాగం, కరుణ రసం, అన్నీ చెప్పుకొచ్చారు. చివర్లో అడంగల్ మీద ఒకే వాక్యం రాసిన అమ్మాయి లేచింది.

"సార్, చెరువు కింద పొలం మామది. చచ్చింది కోడలు. ఆమె పేరు మీద ఒక్క మడి అయినా ఉందా?"

సార్ కాసేపు ఆగి, "ఆ ప్రశ్న నేనూ వేసుకోలేదమ్మా" అన్నారు. ఆ రోజు సాయంత్రం వాళ్లు తాము మాట్లాడిన మనుషుల జాబితా తీసి చూసుకున్నారు. అందరూ మగవాళ్లే. వరి నాటేది, కలుపు తీసేది ఎవరు? నీళ్లు రాని మడిలో నేల గట్టిపడితే కలుపు తీయడం ఎంత కష్టమో ఎవరికి తెలుసు? మర్నాడు అమ్మాయిలు మాత్రమే వెళ్లి ఆడవాళ్లతో మాట్లాడి వచ్చారు. రాత్రిళ్లు తూము ఎవరు ఎత్తేవారో అంతదాకా ఏ మగమనిషీ చెప్పలేదు. ఒక పెద్దామె, "నన్ను అడిగినారని సెప్పొద్దు పాపా" అంటూ పూసగుచ్చినట్టు చెప్పింది.

ఆమె మాట రిపోర్టులో ఎలా రాయాలి? పేరు రాస్తే ఆమెకు ఊళ్లో ఇబ్బంది. రాయకపోతే ఆధారం లేని మాట. ఈ విషయం మీద బృందంలో పెద్ద గొడవే జరిగింది. చివరికి మనుషుల పేర్లు పూర్తిగా తీసేసి, తూము ఎత్తిన కాలం, కాలువలో నీళ్లు వృథాగా పోయిన చోటు మాత్రం రాశారు. ఆ రెండూ పొలంలో వరి ఏ దశలో ఉందో చూసి ఎవరైనా సరిచూసుకోగలిగినవి. పరిశోధనలో నైతికత అనే అధ్యాయం పీజీలో వస్తుంది. వీళ్లు దాన్ని పేరు తెలియకుండానే చదివేశారు.

ఎందుకు అని అడగకు, కాపీ అడుగు

చేపల పాట షరతుల్లో నీటిమట్టం గురించి ఏముందో ఎవరూ చూపించలేదు. సమాచార హక్కు దరఖాస్తు పెడదామన్నారు. మొదటి డ్రాఫ్టులో "రైతులకు అన్యాయం చేస్తూ తూము ఎందుకు మూశారో తెలుపగలరు" అని ఉంది. పాలిటీ మేష్టారు దాన్ని కొట్టేశారు. 2005 చట్టం కింద కార్యాలయంలో ఉన్న సమాచారం అడగొచ్చు. కారణాలు, సంజాయిషీలు చెప్పమంటే ఆ అధికారి దగ్గర అలాంటి కాగితం లేదని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. "ఫలానా ఏడాది చెరువు పాట ఒప్పంద పత్రం ధ్రువీకరించిన నకలు ఇవ్వగలరు" అని మార్చారు. తప్పు ఆఫీసుకు పెట్టినా సెక్షన్ 6(3) కింద అయిదు రోజుల్లో సరైన చోటికి పంపాలని కూడా అందులోనే రాశారు. జవాబుకు ముప్ఫై రోజుల గడువు. వేసవి అయిపోయి కాలేజీ తెరిచాక నకలు వచ్చింది. అందులో నీటిమట్టం షరతు ఏదీ లేదు. మామూలుగా మాట మీద నడుస్తున్నదంతా కాగితం మీద ఉందని ఊరంతా అనుకుంటోందన్నమాట.

కోపాన్ని అడగదగిన ప్రశ్నగా మార్చుకోవడం, ఏది అడిగితే ఏది వస్తుందో తెలిసి అడగడం. నా లెక్కలో ఇది ఉద్యోగానికి కూడా సూటిగా పనికొచ్చే నైపుణ్యం. క్లాసులో ప్రాథమిక హక్కుల మీద పది మార్కుల జవాబు రాసిన పిల్లలకు కూడా ఇది విడిగా నేర్పాల్సి వచ్చింది.

ఒకే విషయం మూడుసార్లు

కాలేజీకి ఇచ్చే రిపోర్టు అయ్యాక అందులోని విషయాన్నే ఇంకో రెండు రూపాల్లో రాయమన్నాను. పంచాయతీకి, ఇంజినీరుకు ఒక్క పేజీ. గ్రామసభలో అయిదు నిమిషాల మాట.

ఒక్క పేజీ రాయడమే అన్నింటికంటే కష్టమైంది. మొదటి వెర్షన్‌లో సగం పేజీ "భారతదేశం వ్యవసాయ ప్రధాన దేశం" అంటూ సాగింది. ఇంజినీరు దాన్ని ఎక్కడ చదవడం ఆపుతాడో గీత గీసి చూపించమన్నాను. మొదటి పేరాలోనే గీశారు. ఆఖరి వెర్షన్‌లో పటం పైన, కాలువ మూసుకుపోయిన చోట్లు కింద, అడిగేది చివర ఒక్క వాక్యంలో. ఆస్ట్రమ్ లేదు, శాసనం లేదు. ఆ రెండూ లేకుండా ఆ పేజీ రాయగలిగేవాళ్లా అంటే, నాకు నమ్మకం లేదు.

గ్రామసభలో మాట్లాడింది సగటు తీసిన అబ్బాయి. చేపల పాట వాళ్ల మీద, లోపల శనగ వేసే వాళ్ల మీద ఒక్క మాట అనలేదు. కాలువ పూడిక పనిని ఉపాధి హామీ పనుల జాబితాలో చేర్చమని, తూము ఎత్తే తేదీలు ముందే చాటింపు వేయమని అడిగాడు. "నువ్వెవుడివప్పా మా చెరువు గురించి చెప్పనీకి?" అని వెనక నుంచి ఒకాయన గట్టిగా అన్నాడు. పిల్లవాడి టెన్షన్ నాకు కనిపిస్తోంది. "మీరు చెప్పిందే అన్నా, మేం రాసుకున్నాం, తప్పుంటే చెప్పండి, దిద్దుకుంటాం" అని పటం ఆయన చేతికే ఇచ్చాడు. ఆయన కాసేపు చూసి ఒక చోట పెన్నుతో దిద్దాడు కూడా. ఆ దిద్దుబాటు కరెక్టే.

ఏం మారింది, ఏం మారలేదు

కాలువ పూడిక పని జాబితాలో చేరింది, కొంతమేర జరిగింది. తూము తేదీల మాట ఒక సీజన్ నడిచింది. చెరువు లోపల సాగు జోలికి ఎవరూ పోలేదు. దానికి పంచాయతీ బలం చాలదని పిల్లలకూ తెలిసింది. తర్వాతి సీజన్‌లో చివరి మడుల్లో కొన్నింటికి నీళ్లు అందాయి. ఆ సంగతి నేను సంతోషంగా చెబితే, "కాలువ తీసినందుకా మేడమ్, వానలు బాగా పడినందుకా?" అని వాళ్లే నన్ను ఆపారు. పక్క ఊరి చెరువు కింద ఏమైందో చూడకుండా చెప్పలేమని కూడా అన్నారు. నేను ఆ ప్రాజెక్టుకు మార్కులు ఇచ్చింది ఈ మాటకే అనుకోవచ్చు.

ముగింపులో మళ్లీ అదే అడంగల్ పేజీ ఇచ్చాను, అదే ప్రశ్న. ఒక్క వాక్యం రాసిన అమ్మాయి ఈసారి పేజీ వెనక వైపు కూడా నింపింది. వరి అని రాసినవారు పొలానికి వెళ్లి రాశారో, పోయిన ఏడాది చూసి రాశారో దీన్నిబట్టి తెలియదు అని మొదలుపెట్టింది. నీటి ఆధారం దగ్గర చెరువు అని ఒక్కటే ఉంది, చెరువు, బోరు రెండూ వాడే రైతు ఇందులో కనిపించడు. పట్టాదారు, అనుభవదారు ఒకే పేరు ఉంది, కౌలుకు చేస్తుంటే ఆ మనిషి కూడా కనిపించడు, 2019 చట్టం కింద కౌలు కార్డు ఉందేమో వేరే రిజిస్టర్ చూడాలి. ఆడవాళ్ల పేర్లు రెండే ఉన్నాయి, వాళ్లు సాగు చేస్తున్నారా, పేరు మాత్రమేనా తెలియదు. చివర్లో, "ఈ కాగితం తప్పు అని నేను అనడం లేదు" అని రాసింది. నాకు అన్నింటికంటే నచ్చింది ఆ చివరి వాక్యం. ప్రభుత్వ కాగితాన్ని కళ్లు మూసుకుని నమ్మడం ఎంత తేలికో, అంతా బోగస్ అని కొట్టిపారేయడం అంతే తేలిక. ఆ రెండింటికీ లొంగకుండా ఉండటం అందరికీ రాలేదు. బృందంలో ఇద్దరు ముగ్గురు రెండో వైపుకు జారిపోయారు. ఏ రికార్డు చూపించినా "అదంతా రాసుకున్నదే మేడమ్" అంటారు. వాళ్లను వెనక్కి తేవడం, నమ్మేవాళ్లను కదిలించడం కంటే కష్టంగా ఉంది.

ఇంకా అబ్బనివి ఉన్నాయి. లెక్కల దగ్గర వాళ్లు తడబడుతూనే ఉన్నారు. సగటుకు, మధ్యగతానికి తేడా చెప్పగలరు, ఎక్సెల్‌లో పట్టిక మాత్రం పక్కన ఎవరైనా కూర్చుంటేనే. ఇంగ్లిష్‌లో ఒక్క పేజీ రాయమంటే ఆ పదును మొత్తం పోయి మళ్లీ వ్యవసాయ ప్రధాన దేశం దగ్గరికి వెళ్లిపోతారు. ఆలోచన తెలుగులో వచ్చిందంటే ఇంగ్లిష్‌లో దానంతటదే వస్తుందని అనుకునేవాళ్లు ఈ పిల్లల పరీక్ష పేపర్లు దిద్దితే తెలుస్తుంది. ఇక ఉద్యోగాలంటారా, ఒకరు లాసెట్ రాసి లా చేస్తున్నారు, ఒకమ్మాయి బి.ఎడ్.లో ఉంది, ఇద్దరు గ్రూప్స్ కోచింగ్, ఒకడు బైక్ షోరూమ్‌లో పని. చెరువు వల్లే ఇదంతా అని చెప్పడానికి లేదు. షోరూమ్ అబ్బాయి మొన్న కనిపించి, ఫైనాన్స్ కాగితాల్లో చిన్న అక్షరాల షరతులు కస్టమర్లకు చదివి వినిపిస్తుంటే మేనేజర్ విసుక్కుంటున్నాడని చెప్పాడు.

ఇలాంటిది చేయాలనుకునే అధ్యాపకులకు కొన్ని ఆచరణ సంగతులు. ప్రశ్న ఊరి నుంచే రావాలి, అదీ ఒక్క వాక్యంలో. "గ్రామీణ నీటి సమస్యలు" అని పెడితే అవగాహన దగ్గరే తేలుతుంది. కనీసం రెండు కాగితాలు ఒకదానితో ఒకటి విభేదించే అంశం ఎంచుకోండి. చెరువు కాకపోతే రేషన్ కార్డుల సంఖ్య, బడి హాజరు, శ్మశానం హద్దు, ఏదైనా పనికొస్తుంది. ఆరెస్సార్ నకలు మండల ఆఫీసులో అడిగితే దొరకడానికి టైం పడుతుంది, సెలవులకు ముందే అడిగి పెట్టుకోవాలి. మిగతా సబ్జెక్టుల వాళ్లను సెమినార్‌కు పిలిచినట్టు ప్రసంగానికి పిలవొద్దు, పిల్లలు ఎక్కడ ఇరుక్కున్నారో ఆ చోటికి ఒక్క గంట పిలవండి. మార్కుల్లో సగం రిపోర్టుకు కాక, ఆ ఒక్క పేజీకి, లాగ్‌బుక్‌లో రాసుకున్న ప్రశ్నలకు ఇవ్వండి. మా కాలేజీలో ఈ పద్ధతికి ఒప్పించడానికి కాస్త వాదించాల్సి వచ్చింది, ఎందుకంటే రిపోర్టు మందంగా ఉంటేనే పని జరిగినట్టు కనిపిస్తుంది. లాగ్‌బుక్‌లను బల్ల మీద పరిచి చూపించాక ఒప్పుకున్నారు. తర్వాతి బ్యాచ్‌కు చేపల పాట ఒప్పందాలనే ఇచ్చాం, ఈసారి రెండు పంచాయతీల నుంచీ.